ఘాటుకి కాటా ఏది?

అందరికీ నమస్కారం అండీ. వెనకాల కూర్చున్నవాళ్ళకి వినపడుతోందా... సరే, వినపడకపోతే చెయ్యెత్తండి.

నన్ను ఫుడ్ ఇండస్ట్రీ మీద, దాని వ్యాపారం మీద జరిగే రీసెర్చ్ గురించి మాట్లాడమన్నారు. అది చాలా పెద్ద సబ్జెక్టు, బిస్కెట్ నుంచి రొయ్య దాకా అన్నీ అందులోకే వస్తాయి, అన్నీ తలా కాస్తా ముట్టుకుంటే ఎవరికీ ఏమీ మిగలదు, అందుకని నేను ఒక్క సరుకే పట్టుకుంటాను. మిరపకాయ. ఇక్కడున్నవాళ్ళలో సగం మంది ఇళ్ళల్లో పండించే ఉంటారు, మిగతావాళ్ళు కనీసం కోతల టైములో కల్లాలు చూసుంటారు. మన దేశం నుంచి బయటికి వెళ్ళే మసాలా దినుసుల్లో పరిమాణంలో చూసినా డబ్బులో చూసినా ముందుండేది ఎండుమిర్చే. 2023-24లో సుమారు 6 లక్షల టన్నులు వెళ్ళింది. అందరికంటే ఎక్కువ కొనేది చైనా.

ఇప్పుడు గుంటూరు మిర్చి యార్డులో అమ్మకం ఎలా జరుగుతుందో ఒకసారి గుర్తు చేసుకోండి. రైతు టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దింపుతాడు, కమిషన్ ఏజెంటు ఉంటాడు, కొనేవాడు వచ్చి టిక్కీలో చెయ్యి పెట్టి గుప్పెడు కాయలు తీస్తాడు, రంగు చూస్తాడు, ఒక కాయ విరుస్తాడు, గలగలమంటుందా మెత్తగా ఉందా చూస్తాడు, తాలు కాయలు ఎన్ని ఉన్నాయో ఓ చూపు చూస్తాడు, ధర చెప్పేస్తాడు. ఆ చేతికి ఆ కంటికి ఉన్న అనుభవాన్ని నేను తక్కువ చెయ్యను, చాలామందికి ముప్ఫై నలభై ఏళ్ళ అనుభవం ఉంటది, తేమ వాళ్ళ వేళ్ళకే తెలుస్తది. కానీ అదే సరుకు యార్డు దాటి ఎక్స్‌పోర్టర్ గోడౌన్‌లోకి వెళ్ళాక ఏం జరుగుతుంది? అక్కడినుంచి ఎవరూ కంటితో చూసి కొనరు. ఘాటుకి ఒక నంబరు, రంగుకి ఒక నంబరు, తేమకి ఒకటి, అఫ్లాటాక్సిన్ అనే బూజు విషానికి ఒకటి, పురుగుమందు అవశేషాలకి ఒక పెద్ద లిస్టు. అంటే ఒకే కాయ రైతు దగ్గర కంటి అంచనాతో అమ్ముడవుతుంది, పోర్టు దగ్గర ల్యాబ్ రిపోర్టుతో అమ్ముడవుతుంది. నేను ఈరోజు మాట్లాడేదంతా దీని గురించే. కొలత ఎవరి దగ్గర ఉంటే బేరం వాళ్ళ చేతిలో ఉంటుంది, ఆ కొలత యార్డు గేటు లోపలికి రావాలి, వీలైతే కల్లం దాకా రావాలి, దాన్ని తీసుకురాగలిగేది రీసెర్చ్ చేసేవాళ్ళే.

ముందు ఘాటు సంగతి చూద్దాం. ఘాటుని మొదటిసారి నంబరుగా మార్చింది విల్బర్ స్కోవిల్ అనే ఫార్మసిస్టు, 1912లో, అమెరికాలో డెట్రాయిట్‌లో ఒక మందుల కంపెనీలో పనిచేస్తూ. ఆయనకి వంటతో పని లేదు, ఒంటినొప్పులకి రాసే మందుల్లో మిరప సారం ఎంత వెయ్యాలో తెలియాలి, అంతే. మిరప సారాన్ని పంచదార నీళ్ళలో పలచన చేసుకుంటూ పోయి, ఐదుగురు మనుషులకి రుచి చూపించి, ఘాటు ఇక తెలియట్లేదు అనే దాకా ఎన్ని రెట్లు పలచన చెయ్యాల్సొచ్చిందో అదే ఘాటు నంబరు అన్నాడు. మనిషి నాలుక తొందరగా మొద్దుబారిపోతుంది కాబట్టి ఆ పద్ధతికి లోపాలు ఉన్నాయి, ఇప్పుడు హెచ్‌పీఎల్‌సీ అనే మెషీన్‌తో ఘాటునిచ్చే క్యాప్సైసిన్, దాని చుట్టాలు ఎన్ని పీపీఎం, అంటే పది లక్షల్లో ఎన్ని వంతులు, ఉన్నాయో నేరుగా కొలిచి దాన్ని 16తో గుణించి స్కోవిల్ యూనిట్లు అంటున్నాం. స్వచ్ఛమైన క్యాప్సైసిన్ కోటీ 60 లక్షల యూనిట్లు. మన గుంటూరు సన్నం రకం 35 వేల నుంచి 40 వేలు అని చెప్తారు, తేజ అనే రకం అంతకి రెట్టింపు దాకా కూడా పోతుంది.

రంగుకి ఇంకో కొలత. దాన్ని వ్యాపారంలో ఆస్టా అంటారు, అమెరికన్ స్పైస్ ట్రేడ్ అసోసియేషన్ పేరు మీద వచ్చింది. పొడి చేసిన కాయని అసిటోన్‌లో వేసి, చీకట్లో 16 గంటలు ఉంచి, 460 నానోమీటర్ల దగ్గర కాంతిని ఎంత పీల్చుకుంటుందో చూస్తారు. బాడిగ రకానికి ఘాటు తక్కువ, ఆస్టా ఎక్కువ. వరంగల్ వైపు చపాటా ఉంది కదా, టమాటా మిర్చి అంటారు, 2025లో దానికి, ఫలానా ఊరి సరుకు అని చెప్పే జీఐ గుర్తింపు కూడా వచ్చింది, దానిది కూడా అదే గుణం, కంటికి నిండుగా ఎరుపు, నోటికి మంట తక్కువ.

ఇక్కడ ఒక విషయం ఆగి ఆలోచించండి. రంగు తోలులో ఉంటుంది. ఘాటు లోపల గింజలు అంటుకుని ఉండే తెల్లటి ఈనెలో తయారవుతుంది, చాలామంది అనుకున్నట్టు గింజలో కాదు. రెండూ వేరే వేరే పదార్థాలు, మొక్కలో తయారయ్యే దారులు కూడా వేరే వేరే. అందుకని రంగు చూసి ఘాటు చెప్పడం ఎంత అనుభవం ఉన్నవాడికైనా కుదరదు. మరి యార్డులో ఘాటుకి ధర ఎలా కడుతున్నారు? రకం పేరుతో కడుతున్నారు. తేజ అంటే ఘాటు అని అర్థం, బాడిగ అంటే రంగు అని అర్థం. గుంటూరు పక్కన లాంఫారం రీసెర్చ్ స్టేషన్ సైంటిస్టులు ఇచ్చిన ఎల్‌సీఏ 334 రకాన్ని చూడండి, అది రీసెర్చ్ స్టేషన్ రిజిస్టర్లో ఒక నంబరు, ఇవాళ యార్డులో రేటు బోర్డు మీద ‘334’ అని దానికదే ఒక సరుకు పేరు అయిపోయింది. యూనివర్సిటీ రీసెర్చ్ వ్యాపారంలోకి ఇంతలా కలిసిపోవడం నాకు నిజంగా సంతోషంగా ఉంటుంది. కానీ పేరు కొలత కాదు. అదే తేజ నేలని బట్టి, నీటి ఎద్దడిని బట్టి, మొదటి కోతా ఆఖరి కోతా అన్నదాన్ని బట్టి మారిపోతుంది. బాగా ఘాటున్న తేజ తెచ్చిన రైతుకీ, తక్కువ ఘాటున్న తేజ తెచ్చిన రైతుకీ కాయ పైకి ఒకేలా ఉంటే ఒకే రేటు. అదే సరుకుని క్యాప్సైసిన్ తీసే ఫ్యాక్టరీ కొన్నప్పుడు మాత్రం, చైనావాళ్ళు తేజ అంత ఎక్కువగా కొనడానికి ఇదొక పెద్ద కారణం, వాళ్ళకి కావాల్సింది కాయ కాదు, అందులో ఎన్ని గ్రాముల క్యాప్సైసిన్ వస్తుందనే. వాళ్ళు గ్రాముల లెక్కన కొంటున్నారు, మనం క్వింటాళ్ళ లెక్కన అమ్ముతున్నాం.

ఎకనామిక్స్ చదివినవాళ్ళకి ఇది వినగానే జార్జ్ అకర్లాఫ్ గుర్తొచ్చి ఉండాలి. 1970లో రాసిన పేపర్, 2001లో నోబెల్ వచ్చింది. ఆయన చెప్పిందేంటంటే, క్వాలిటీ అమ్మేవాడికి తెలిసి కొనేవాడికి తెలియకపోతే కొనేవాడు సగటు ధరే ఇస్తాడు, సగటు ధరకి మంచి సరుకు తెచ్చేవాడికి గిట్టదు, మెల్లగా మంచి సరుకే మార్కెట్ నుంచి తప్పుకుంటుంది. పాత కార్ల ఉదాహరణ అందరూ చెప్తారు, కానీ అదే పేపర్లో మన దేశం గురించి కూడా ఉంది, బజారులో కొన్న బియ్యంలో కావాలని అదే రంగు, అదే ఆకారం రాళ్ళు కలుపుతారు, ఇండియాలో ఇల్లాలు అవి ఏరుకోవాల్సి వస్తుంది అని రాశాడు. ఆయన అంతకు ముందు ఢిల్లీలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో కొన్నాళ్ళు ఉన్నాడు. అంటే ప్రపంచమంతా చదివే ఆ సిద్ధాంతంలో మన చేటలో బియ్యం కూడా ఉన్నాయి.

మిరపలో ఇది ఎలా పనిచేస్తుందో తేమతో లెక్కేసి చూపిస్తాను, ఇది రాసుకోండి. ఒక రైతు కాయని 10 శాతం తేమకి బాగా ఎండబెట్టి ఒక క్వింటా తెచ్చాడు అనుకుందాం. అందులో 90 కేజీలు అసలు పదార్థం, 10 కేజీలు నీళ్ళు. పక్క రైతు అదే 90 కేజీల పదార్థాన్ని 14 శాతం తేమ దగ్గర ఆపేశాడు, లేదా కాయ విరక్కుండా ఉండాలని టిక్కీలు తొక్కే ముందు నీళ్ళు చల్లాడు. ఆయన బరువు 104 కేజీల 650 గ్రాములు. క్వింటా 12 వేలు అనుకుంటే రెండో ఆయనకి 550 రూపాయలకి పైగా ఎక్కువ వస్తుంది. దేనికి? నీళ్ళకి. కొనేవాడికి ఇది తెలియదా అంటే తెలుసు, అందుకే అందరి దగ్గరా కలిపి ముందే కొంత తగ్గించి రేటు వేస్తాడు. ఆ తగ్గింపు బాగా ఎండబెట్టిన మొదటి రైతు మీద కూడా పడుతుంది. పది రోజులు కల్లంలో కాయ తిరగేసి, రాత్రిపూట పట్టాలు కప్పి, మంచు పడకుండా కాపాడుకున్న మనిషికి మనం ఇచ్చే బహుమతి ఇది. నాకు దీని మీద చాలా బాధ ఉంది, దాచుకోను.

ఆ 14 శాతం తేమ ఇంకో పని కూడా చేస్తుంది. బూజు. ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు అఫ్లాటాక్సిన్ తయారుచేస్తుంది. ఇది ప్రపంచానికి తెలిసింది 1960లో, ఇంగ్లండ్‌లో లక్షకి పైగా టర్కీ కోళ్ళు ఉన్నట్టుండి చచ్చిపోయాయి, వెతికితే బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండి దాణాలో దొరికింది. కోళ్ళ సంగతి కదా అనుకోకండి, 1974లో రాజస్థాన్, గుజరాత్ సరిహద్దు జిల్లాల్లో బూజు పట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా చనిపోయారు, అది అఫ్లాటాక్సిన్ అని తేల్చడంలో మన హైదరాబాద్ నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ న్యూట్రిషన్ వాళ్ళు చేసిన పని ప్రపంచమంతా ఇప్పటికీ చదువుతారు. యూరప్‌లో మిరపకి పరిమితి ఎంతంటే బీ1 రకం కేజీకి 5 మైక్రోగ్రాములు, మొత్తం కలిపి 10. ఒక టన్ను కాయలో 10 మిల్లీగ్రాములు. అది ఏ కన్నూ చూడలేదు, ఏ వేలూ పట్టలేదు.

ఈ పరిమితుల మీద ఒక మంచి అకడమిక్ గొడవ ఉంది, అది చెప్తాను, ఎందుకంటే స్టూడెంట్లు ఒక పేపర్ చదివి అదే వేదం అనుకోకూడదు. 2001లో వరల్డ్ బ్యాంక్‌కి చెందిన ఒట్సుకి, విల్సన్, సెవాదె అనే ముగ్గురు ఒక స్టడీ వేశారు. యూరప్ తెచ్చిన కఠినమైన అఫ్లాటాక్సిన్ రూల్ వల్ల వందకోట్ల మందిలో ఏడాదికి 1.4 చావులు తగ్గుతాయి, కానీ ఆఫ్రికా నుంచి వెళ్ళే ధాన్యాలు, ఎండు పళ్ళు, గింజల ఎగుమతులు అంతర్జాతీయ ప్రమాణంతో పోలిస్తే 64 శాతం, అంటే 67 కోట్ల డాలర్లు పడిపోతాయి అని అంచనా. ఆ నంబర్లు ప్రపంచమంతా మోగిపోయాయి, పేద దేశాల మీద గోడ కడుతున్నారు అని. తర్వాత 2012లో షియోంగ్, బెగిన్ అనే ఇద్దరు ఆ రూల్ నిజంగా అమల్లోకి వచ్చాక జరిగిన వేరుశనగ వ్యాపారం డేటా తీసి చూస్తే, ఆ రూల్ వల్ల చెప్పుకోదగ్గ దెబ్బ ఏమీ కనపడలేదు, అసలు సమస్య ఆఫ్రికా లోపల పంట, సరఫరా దగ్గరే ఉంది అన్నారు. నా అభిప్రాయం అడిగితే మొదటి పేపర్ రాకపోతే ఈ ప్రశ్నే ఎవరూ వేసేవాళ్ళు కాదు, రెండోది రాకపోతే మనం సరిహద్దునే తిడుతూ కూర్చునేవాళ్ళం. రిజెక్ట్ అయిన కంటైనర్ గురించి పేపర్లో వార్త వస్తుంది, కల్లంలో చల్లిన నీళ్ళ గురించి ఎవరూ రాయరు.

అలాగని బయటి దేశాల రూల్స్ అన్నీ సైన్స్ ప్రకారమే ఉన్నాయని కూడా అనను. ఇథిలీన్ ఆక్సైడ్ చూడండి, మసాలాల్లో సూక్ష్మజీవుల్ని చంపడానికి వాడే గ్యాస్, 2024లో హాంకాంగ్, సింగపూర్‌లలో మన మసాలా ప్యాకెట్లు ఆపేసింది దీని మీదే. అమెరికాలో కేజీకి 7 మిల్లీగ్రాముల దాకా ఉండొచ్చు. యూరప్‌లో 0.1 దాటకూడదు. అదే గ్యాస్, అదే మసాలా, 70 రెట్లు తేడా. ఎక్స్‌పోర్టర్ ఏం చెయ్యాలి? ఆవిరితో స్టెరిలైజ్ చెయ్యొచ్చు, దానికి పెట్టుబడి కావాలి, పైగా ఎక్కువైతే రంగు, వాసన పోతాయి. ఆవిరి ఎంతసేపు, ఎంత వేడి, మన రకాలకి ఏది సరిపోతుంది అనేది ఇక్కడున్న ఫుడ్ టెక్నాలజీ పిల్లలు చెయ్యాల్సిన పని.

సూడాన్ రంగు కథ కూడా చెప్పాలి. 2003లో ఫ్రాన్స్‌లో ఇండియా నుంచి వెళ్ళిన కారం సరుకులో సూడాన్ 1 దొరికింది. కొవ్వొత్తుల్లాంటి వాటి మైనంలో, బూట్ల పాలిష్‌లో వాడే రంగు అది. ఆ ఏడాది జూన్‌లోనే యూరప్ ఎమర్జెన్సీ రూల్ పెట్టింది, టెస్ట్ రిపోర్ట్ లేకపోతే మిరప దిగడానికి వీల్లేదని. అయినా అంతకు ముందే వెళ్ళిన కారప్పొడి బ్రిటన్‌లో ఒక సాస్‌లోకి, ఆ సాస్ నుంచి వందల రకాల రెడీమేడ్ తిండిలోకి వెళ్ళిపోయింది, 2005 ఫిబ్రవరిలో అవన్నీ షాపుల్లోంచి వెనక్కి తియ్యాల్సొచ్చింది. ఎందుకు కలిపారు? ఎరుపుకి ధర ఉంది కాబట్టి, ఎరుపుని కంటితో గానీ కాంతి మెషీన్‌తో గానీ కొలుస్తారు కాబట్టి, ఆ కొలతని మోసం చేసే రంగు వేశారు. చైనాలో 2008లో పాలల్లో మెలమైన్ కలిపింది కూడా ఇదే తెలివి. ప్రొటీన్‌ని నైట్రోజన్ ద్వారా కొలుస్తారు, మెలమైన్‌లో నైట్రోజన్ ఎక్కువ, నీళ్ళ పాలు చిక్కటి పాలుగా పాసైపోయాయి. ఆరుగురు పసిపిల్లలు చనిపోయారు, దాదాపు 3 లక్షల మంది జబ్బుపడ్డారు. కాబట్టి కొలత పెట్టేసి చేతులు దులుపుకుంటే కాదు, ఆ కొలతని ఎవడు ఎలా తప్పించుకుంటాడో కూడా రీసెర్చ్ చేసేవాడే ముందుగా ఆలోచించాలి. సూడాన్ గొడవ తర్వాత స్పైసెస్ బోర్డు ఎగుమతి మిరపకి టెస్టింగ్ తప్పనిసరి చేసింది, గుంటూరులోనే ల్యాబ్ ఉంది. మంచిదే. కానీ అది ఎగుమతి అయ్యే సరుకుకి. రైతు అమ్మిన తర్వాతి సంగతి.

మరి రైతు అమ్మకముందే కొలిచి, కొలిచిన దానికే డబ్బు ఇవ్వడం ఎక్కడైనా జరిగిందా? జరిగింది. పాలలో జరిగింది. 1890లో అమెరికాలో విస్కాన్సిన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ స్టీఫెన్ బాబ్‌కాక్ పాలలో వెన్న శాతం తేల్చే పరీక్ష కనిపెట్టాడు, యాసిడ్ వేసి సీసా తిప్పితే వెన్న పైకి తేలుతుంది, పక్కన గీతలు చూసి చదువుకోవడమే. అంతకు ముందు పాలని బరువు లెక్కన కొనేవాళ్ళు, నీళ్ళు కలిపినవాడికీ కలపనివాడికీ ఒకే రేటు, ఇందాక మిరపలో నేను చెప్పిన కథే. ఆయన దాని మీద పేటెంట్ తీసుకోలేదు, ఎవరైనా చేసుకోండి అన్నాడు. మన దగ్గర గుజరాత్ ఆనంద్‌లో పాల సంఘాలు నిలబడింది కూడా ఊళ్ళోనే వెన్న శాతం చూసి, దాని ప్రకారం డబ్బు ఇవ్వడం మీదే. ఇవాళ మన ఊళ్ళల్లో పాల కేంద్రంలో ఆడవాళ్ళు స్లిప్పు చూసి, నిన్నటి కంటే ఫ్యాట్ ఎందుకు తగ్గిందయ్యా అని నిలదీస్తారు. చేతిలో నంబరు ఉంది కాబట్టి అడగగలుగుతున్నారు. గోధుమలో కూడా అంతే, 1970ల్లో కెనడా గ్రెయిన్ కమిషన్ ఎన్‌ఐఆర్ అనే కాంతి మెషీన్లు పెట్టి నిమిషాల్లో ప్రొటీన్ తేల్చడం మొదలుపెట్టింది.

అదే ఎన్‌ఐఆర్ ఇప్పుడు చేతిలో పట్టుకునే సైజుకి వచ్చింది. మిరప పొడి మీద దాన్ని పెట్టి తేమ, రంగు, ఘాటు అంచనా వెయ్యొచ్చు. కానీ మెషీన్ కొంటే సరిపోదు, దానికి కాలిబ్రేషన్ కావాలి, అంటే మన తేజ, మన 334, మన బాడిగ, పల్నాడు నేలవి, ఖమ్మం నేలవి, మొదటి కోతవి, చివరి కోతవి శాంపిల్స్ తీసి హెచ్‌పీఎల్‌సీలో అసలు విలువ చూసి ఆ మెషీన్‌కి నేర్పాలి. వేరే దేశం మిరప మీద నేర్పిన మెషీన్ మన కాయకి తప్పు చెప్తుంది. ఇది గొప్ప జర్నల్‌లో రాదేమో, కొత్త అణువు కనిపెట్టినట్టు కాదు, ఓపికతో చెయ్యాల్సిన పని, ప్రతి సీజన్ మళ్ళీ సరిచూడాలి. కానీ యూనివర్సిటీ కాకపోతే ఇది ఎవరు చేస్తారు చెప్పండి? కంపెనీ చేస్తే ఆ కాలిబ్రేషన్ కంపెనీ బీరువాలో ఉంటుంది. అఫ్లాటాక్సిన్ విషయంలో పటాన్‌చెరులో ఉన్న ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల రీసెర్చ్ సంస్థ చేసింది చూడండి, ఎలైసా అనే ల్యాబ్ టెస్ట్ ఖర్చు బాగా తగ్గించి, ఆ పద్ధతి మలావీకి తీసుకెళ్తే అక్కడి వేరుశనగ రైతుల సంఘం మళ్ళీ యూరప్‌కి అమ్ముకోగలిగింది. మన జిల్లాల పక్కనే పుట్టిన పద్ధతి అది.

పురుగుమందుల సంగతి ఇవాళ వివరంగా చెప్పే టైం లేదు. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి తోటలు తుడిచిపెట్టేసింది, దొరికిన మందల్లా కొట్టారు, అది రైతు తప్పు అని నేను అనను, కళ్ళముందు పూత రాలిపోతుంటే ఎవరైనా అదే చేస్తారు. దాని మీద ఇంకో రోజు.

ప్రశ్నలు ఉంటే అడగండి... ఆ అమ్మాయి, చెప్పమ్మా.

మంచి ప్రశ్న. మైకులో వినపడలేదేమో, ఆమె అడిగింది ఏంటంటే, యార్డులో టెస్ట్ పెడితే అది రైతుని ఇంకా తగ్గించడానికే వాడతారు కదా సార్, తేమ ఎక్కువుంది అని కోస్తారు, తేమ తక్కువుంటే ఎక్కువ ఇస్తారా అని. వాళ్ళ నాన్నగారు మిర్చి రైతట.

అమ్మా, నువ్వు అడిగింది నూటికి నూరుపాళ్ళు నిజమైన భయం. 2025 మొదట్లో రేట్లు పడిపోయి, కేంద్రం క్వింటాకి 11,781 రూపాయలు అని మార్కెట్ జోక్యం ధర ప్రకటించాల్సి వచ్చింది, అలాంటి ఏడాదిలో ఏ టెస్టు పెట్టినా రైతుకి కోతలాగే కనపడుతుంది. అందుకని నేననేది మూడు విషయాలు ఒకేసారి జరగాలి. టెస్ట్ చేసేది కొనేవాడు కాకూడదు, ఏజెంటూ కాకూడదు. మచ్చు రెండు భాగాలు చేసి ఒకటి సీలు వేసి రైతు దగ్గరే ఉండాలి, ఒప్పుకోకపోతే ఇంకోచోట చేయించుకునే హక్కు ఉండాలి. ఇక పాయింటు తగ్గితే ఎంత కోస్తారో, పాయింటు పెరిగితే అంతే కలపాలి, పాలలో చేస్తున్నట్టే, ఆ పట్టిక ముందే గోడ మీద రాసి ఉండాలి. ఈ మూడూ లేకుండా మెషీన్ ఒక్కటే తెచ్చి పెడితే నీ భయమే నిజమవుతుంది, అలాంటి దానికి నేను ఒప్పుకోను. ముందుగా తేమతో మొదలుపెట్టొచ్చు, ఆ మీటరు రైతు సంఘం కూడా కొనుక్కోగలిగేదే, మీ నాన్నగారు టిక్కీలు లోడ్ చేసే ముందే కల్లంలో చూసుకుని నంబరు తెలిసి యార్డుకి వస్తారు. మీ ఊళ్ళో ఒక సీజన్ మీరే ఈ లెక్కలు తీయండి, కల్లంలో తేమ ఎంత, యార్డులో పడిన రేటు ఎంత అని టిక్కీ టిక్కీకి రాసి పెట్టండి, ప్రాజెక్ట్ రిపోర్టుగా నేను గైడ్ చేస్తాను. తర్వాతి ప్రశ్న ఎవరిదండీ?